అయిదు వేళ్ళూ నోట్లోకి వెళ్ళాలంటే

అక్కలారా, అన్నలారా, చెల్లెళ్ళారా, తమ్ముళ్ళారా!

పనులాపుకుని, తట్టలు బోర్లించి, ఇంత ఎండలో ఇక్కడిదాకా వచ్చిన అందరికీ నమస్కారం. పక్క రేవుల నుంచి వచ్చిన వాళ్ళకి మరీ మరీ నమస్కారం. గేటు దగ్గర నిలబడ్డ వాళ్ళు లోపలికి రండి. నీడ ఉంది. కుర్చీలు అయిపోయాయి గానీ తిరగేసిన ట్రేలున్నాయి, వాటి మీద కూర్చోండి. షెడ్డంతా పొద్దున్నే కడిగించాం. వాసన మాత్రం పోలేదు. పోకపోవడమే మంచిది. ఈ షెడ్డులో చేపల వాసన రాకపోతే మా అత్త ఎక్కడున్నా లేచొచ్చి, ఏమైందిరా అని అడిగేది.

నా ముందు మైకు ఎందుకు పెట్టారో నాకు తెలీదు. రోజూ పొద్దున్నే ఇదే గచ్చు మీద నిలబడి ఒకటోసారి, రెండోసారి అని అరిచే మనిషిని. వేలంపాట నా పని. చేపల గురించైతే గుక్క తిప్పుకోకుండా మాట్లాడతాను. మనిషి గురించి, అందులోనూ లేని మనిషి గురించి మాట్లాడమంటే నాలుక తడబడుతోంది. తప్పులుంటే కాయండి.

మొదట మనసులో మాట చెప్పేస్తాను. మా అత్త పోయింది. నాకు ఊరటగా ఉంది.

నవ్వకండి. అల్లుడి నోట ఈ మాట వింటే ఎవరికైనా నవ్వొస్తుంది, ఒప్పుకుంటాను. కానీ మా ఆవిడ ముందు వరసలోనే కూర్చుంది, ఆమె నవ్వట్లేదు. కాబట్టి నేను త్వరగా సంజాయిషీ ఇచ్చుకోవాలి. మీ అందరికీ ఆమె వరసకి అత్త. నాకు అసలు అత్త. మీకు ఈ రేవు దాకానే అత్త. నాకు ఇంట్లో కూడా అత్తే. ఆమె లేకపోతే నాకెంత లోటో నాకు తెలుసు. మరి ఈ ఊరట ఎందుకు?

ఎందుకంటే కొన్ని నెలలుగా మనందరం ఒక భయంతో బతికాం. పైకి ఎవరం అనలేదు. అత్త దగ్గినప్పుడల్లా, అత్త మెట్లెక్కుతూ ఆగినప్పుడల్లా, మనకి ఒకటే ఆలోచన. అత్త పోతే అత్త వేలు పోతుంది. వేలు పోతే వల కన్ను పోతుంది. కన్ను పోతే చేప పోతుంది. చేప పోతే మళ్ళీ ఆ రోజులొస్తాయి. అవునా, కాదా? ఆ భయం నిజం కాలేదు. అదే నా ఊరట. అది ఎలా నిజం కాలేదో చెప్పడానికే ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

బయటి వాళ్ళున్నారు కాబట్టి ఒక ముక్క చెబుతాను. వలలో ముడికీ ముడికీ మధ్య సందుని మేం కన్ను అంటాం. కన్ను పెద్దదైతే పిల్ల చేప జారిపోతుంది, ఎదిగిన చేప ఆగుతుంది. కన్ను చిన్నదైతే తల్లీ పిల్లా అంతా వచ్చేస్తాయి. మన రేవులో ఆ కన్ను ఎంత ఉండాలి? అత్త బొటనవేలు గోరు దాటి, కణుపు దాటి, ఇరుక్కోకుండా దూరాలి. దూరితే ఆ వల సముద్రానికి వెళ్తుంది. దూరకపోతే ఇంటికి వెళ్తుంది. అంతే. అదిగో, ఆ గేటు పక్కన స్టూలు కనిపిస్తోందే, ఖాళీగా, అక్కడే కూర్చునేది. 'అందరి వలల్లో వేలు పెడుతుంది' అని మొదట్లో తిట్టారు జనం. తర్వాత్తర్వాత అదే మాట గర్వంగా చెప్పుకున్నారు.

చెల్లెళ్ళారా, తమ్ముళ్ళారా, మీలో చిన్నవాళ్ళకి ఆ రోజులు తెలీవు. చెప్పాలి.

చేప తగ్గింది. తగ్గితే ఏం చేశాం? కన్ను తగ్గించాం. ఆ ఏడాది నాలుగు ఎక్కువ పడ్డాయి, సంబరపడ్డాం. మరుసటేడు ఇంకా తగ్గాయి. ఏం చేశాం? కన్ను ఇంకా తగ్గించాం. చివరికి దోమతెరకీ మన వలకీ తేడా లేకుండా పోయింది. దోమతెర లాంటి వలేసి, ఏమీ పడట్లేదని సముద్రాన్ని తిట్టాం. మన తెలివి అలా ఉండేది.

ఫిషరీస్ ఆఫీసరు గారు అదిగో, ఆ చివర కూర్చున్నారు. మంచివారు. వల కన్ను ఇంతకి తగ్గకూడదని ప్రభుత్వం వారి రూలు అప్పటికే ఉంది. ఆ అంకె రాసి రేవులో పెద్ద బోర్డు కూడా పెట్టించారు. మనం ఏం చేశాం? ఆ బోర్డు మీద వలలు ఆరేసుకున్నాం. అవునా సార్? చూశారా, ఆయన కూడా నవ్వుతున్నారు. అప్పుడు నవ్వలేదు లెండి.

మరి ఆ రోజుల్లో నేను ఈ గచ్చు మీద ఏం వేలం వేశానో తెలుసా? పొద్దున్నే వచ్చి నిలబడేవాణ్ణి. గొంతు సవరించుకునేవాణ్ణి. ఎదురుగా కాకులు, పిల్లులు. కొన్నాళ్ళకి పిల్లులు కూడా రావడం మానేశాయి. ఆ తర్వాత పడవలు వేలం వేశాను. చేపల్ని పాడిన నోటితోనే పడవల్ని పాడాను. ఒకటోసారి అంటే పడవ మనిషి తల దించుకునేవాడు. రెండోసారి అంటే అతని భార్య కొంగు నోట్లో కుక్కుకునేది. మూడోసారి అనేసరికి నా గొంతంటే నాకే అసహ్యం వేసేది. అందులో ఒక పడవ మన పెద్ద ఇంజను పడవ బావ వాళ్ళ నాన్నది. బావా, చెప్పొచ్చా? తలూపాడు, చెప్పొచ్చట. ఆ పడవ కొన్నది ఇంకో జాలరి కాదు. ఒక హోటలాయన. పొయ్యిలోకి కట్టెల కోసం కొన్నాడు.

చేపల తట్ట మోసిన అక్కల్లో చాలామంది ఇటుకల తట్ట మోయడానికి వెళ్ళారు. సముద్రం అంచున పుట్టి, ఈత వచ్చిన మగవాళ్ళు ఎక్కడో గోడౌన్లలో బస్తాలు మోశారు. పిల్లలు బడి మానారు. అయిదు వేళ్ళూ నోట్లోకి వెళ్ళడం గగనమైపోయింది.

అప్పుడు మా అత్త ఏం చేస్తోంది? వలలు అల్లుతోంది. ఆమె చేతి ముడి లేని వల ఈ రేవులో ఉండేది కాదు. కన్ను తగ్గించమంటే తగ్గించి అల్లింది. ఇంకా తగ్గించమంటే ఇంకా తగ్గించింది. ఒకరోజు ఒకాయన వచ్చి, ఇంతకన్నా చిన్న కన్ను కావాలన్నాడు. సరేనని కూర్చుంది. నాలుగు వరసలు అల్లింది. అయిదో వరసలో బొటనవేలు కన్నులో ఇరుక్కుపోయింది. లాగితే రాలేదు. దారం కోసి బయటికి తీయాల్సి వచ్చింది. ఆ వేలుని చూసుకుందట. తర్వాత ఆ వచ్చినాయనతో అన్న మాట మనకి కంఠతా వచ్చు. "అయిదు వేళ్ళూ నోట్లోకి వెళ్ళాలంటే, ముందు ఒక్క వేలు వల కన్నులోకి వెళ్ళాలయ్యా. ఇది దూరని వల ఇక నేను అల్లను."

అల్లలేదు. బజార్లో మిషను వలలు దొరుకుతున్నాయి, నువ్వు అల్లకపోతే కొంపలేమీ మునగవు అన్నారు. నిజమే, ఎవరి కొంపా మునగలేదు. ఆమె పొయ్యి మాత్రం ఆరిపోయింది. అయినా స్టూలు తెచ్చుకుని గేటు దగ్గర కూర్చుని వచ్చే పోయే ప్రతి వలలోనూ వేలు పెట్టి చూడటం మొదలుపెట్టింది. ఎవరు లెక్క చేశారు? ఎవరూ చేయలేదు. పిచ్చి పట్టిందన్నారు. నిజం చెప్పాలంటే అల్లుణ్ణి నాకే తలవంపుగా ఉండేది.

తట్టల అక్కలారా, ఆ తర్వాతి కథ మీది. మీరే చెప్పాలి గానీ మీరు ఏడుస్తున్నారు, నేనే చెబుతాను. మగవాళ్ళతో లాభం లేదని ఆమె మీ దగ్గరికి వచ్చింది. ఉపన్యాసం ఏమీ చెప్పలేదు. ఒక తట్టలోంచి గోరంత చేపని తీసి అరచేతిలో పెట్టుకుంది. "పిందెలు తెంపి అమ్ముకుంటూ, కాయలు కాయట్లేదని చెట్టుని తిడతారేంటే?" అంది. మీరందరూ కూడబలుక్కున్నారు. అత్త వేలు దూరని వలలో పడ్డ చేప మా తట్టలోకి ఎక్కదు అన్నారు. కొనేవాళ్ళు కాదంటే ఇక వేలం ఎవరికి? నెత్తళ్ళ వలలకి మాత్రం మినహాయింపు ఇచ్చింది. "అవి పుట్టడమే అంత, అంతకన్నా పెరగవు, వాటిని ఆపితే మనమే పెరగం" అంది. మూర్ఖురాలు కాదండీ మా అత్త. మొండిది.

ఇక నా సంగతి. బయట అత్త, ఇంట్లో అత్త కూతురు. పిల్ల చేపకి పాట పాడి ఇంటికొస్తే వంటింటికి తాళం. ఆకలి మీద ఎంతకాలం పాడతాను? రోట్లో తలపెట్టాక రోకటి పోటుకి వెరవడమెందుకని, ఆ చేపని నేనూ పాడనన్నాను. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారని సామెత. ఆ రోజుల్లో ఈ రేవుకంతా దుత్తని నేనే. నా సైకిలు గాలి ఎన్నిసార్లు తీశారో, తీసిన వాళ్ళు కూడా ఇక్కడే ఉన్నారు. పర్లేదు, నవ్వండి. ఇప్పుడు నవ్వొచ్చు.

ఇంకో సంగతి చెప్పాలి. ఇది నవ్వుకునేది కాదు.

ఒంటి పడవ తాత మీకు గుర్తున్నాడా? తెడ్డు వేసుకుని ఒక్కడే వెళ్ళేవాడు. ఆయన ఆస్తి అంతా ఒక పాత వల. ఒకరోజు గేటు దగ్గర ఆ వల కన్నులో అత్త వేలు పెట్టింది. దూరలేదు. చుట్టూ ఉన్నవాళ్ళం అందరం, పోనీలే పాపం, ఒక్క తాత వల్ల సముద్రం ఖాళీ అయిపోతుందా అనుకున్నాం. ఆమె మాత్రం వల తీసేసుకుంది. తాత అక్కడే గచ్చు మీద కూలబడ్డాడు. నాకు ఒళ్ళు మండింది. పెద్ద ఇంజన్ల వాళ్ళని ఆపడం చేతకాక ముసలాణ్ణి పట్టుకుందా అని అరవబోయాను కూడా.

అరిచే లోపలే ఆమె స్టూలు తాత దగ్గరికి లాక్కుంది. సంచిలోంచి దారం తీసింది. అక్కడికక్కడే ఆయన కోసం కొత్త వల మొదలుపెట్టింది. అది పూర్తయ్యేదాకా మా ఇంటి గిన్నెలోంచి తాత ఇంటికి అన్నం వెళ్ళింది. నా ముఖం చూసి ఏం అర్థం చేసుకుందో, "లేనివాడి చేతిలోంచి వల లాక్కోవడం రూలు కాదురా, దొంగతనం. ఇచ్చి తీసుకోవాలి" అంది. ఆనాటి నుంచి ఏ లేనివాడి వలా ఊరికే తీసుకోలేదు. ఒకటి చేతిలో పెట్టి, రెండోది తీసుకుంది. ఉన్నవాళ్ళతో మాత్రం, ఇంజను కొన్నవాడివి వల కొనుక్కోలేవా అని నిలదీసేది.

అన్నలారా, ఎన్ని వలలు అల్లిందో ఆమెకే తెలీదు. అల్లీ అల్లీ ఆ కణుపు వాచింది. తగ్గింది, మళ్ళీ వాచింది, చివరికి వాపు అలాగే ఉండిపోయింది. పొద్దున్నే లేచి వేలు ముడవలేక వేడినీళ్ళ చెంబులో పెట్టుకుని కూర్చునేది. ఊరికే వాచిన వేలు కాదది. ఇక్కడున్న ఎన్నో ఇళ్ళ అన్నం ఆ వాపులో ఉంది. నాకు ఈ మాట చెప్పేటప్పుడు ఏడుపొస్తుంది. ఒక్క నిమిషం.

సరే. ఇప్పుడు తమాషా ఏంటంటే, వేలు లావెక్కితే రూలు లావెక్కుతుంది కదా! కన్ను ఎంత ఉండాలి? అత్త వేలంత. ఏటికేడాది వేలు లావెక్కుతోంది, ఏటికేడాది కన్ను పెరగాల్సి వస్తోంది. సంఘం మీటింగులో ఒకాయన లేచి, "అధ్యక్షా, అత్త వేలు బలుస్తోంది, మన కడుపులు మాడుతున్నాయి" అని ఫిర్యాదు చేశాడు. నిజంగా చేశాడు. అప్పుడే ఆఫీసరు గారు, ఆ కొలతకి ఒక అంకె రాసి పెట్టుకోండయ్యా అని చెప్పారు. మనం విన్నామా? అంకె ఎవడికి గుర్తుంటుంది సార్, వేలైతే ఎదురుగానే ఉంది కదా అన్నాం. సంఘం రూల్లో 'వల కన్ను అత్త బొటనవేలికి సరిపోవాలి' అని మాత్రం రాసుకుని చప్పట్లు కొట్టుకున్నాం. అత్త ఎల్లకాలం ఉంటుందనుకున్నాం. ఇలాంటి పొరపాటు చేపలు పట్టేవాళ్ళం మనమే చేయగలం.

వేలు లావెక్కింది, చేపా లావెక్కింది. అబద్ధం ఎందుకు, మన తాతల నాటి సముద్రం తిరిగి రాలేదు. దూరం నుంచి వచ్చే పెద్ద మరబోట్లు అడుగంటా దున్నుకుపోతూనే ఉన్నాయి. వాటితో మన పోట్లాట ఉండనే ఉంది. కానీ ఈ గచ్చు మీద మళ్ళీ చేప పడింది. ఎదిగిన చేప. అక్కలు ఇటుకల పని మానేసి తట్ట ఎత్తారు. గోడౌన్లకి వెళ్ళిన వాళ్ళలో చాలామంది వెనక్కి వచ్చారు. అన్నిటికన్నా ముఖ్యం, నేను మళ్ళీ పడవ వేలం వేయలేదు. ఒక్కటంటే ఒక్కటి వేయలేదు.

ఇలా ఉండగా అత్తకి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆసుపత్రిలో పెట్టాం. అక్కడిచ్చిన మందులకి ఊపిరి పూర్తిగా కుదుటపడలేదు గానీ చేతి వాపు మొత్తం తగ్గిపోయింది. చూస్తే ఆ వేలు పెళ్ళికూతురి వేలులా సన్నగా ఉంది. మా ఆవిడ చూసి మురిసిపోయింది. నాకు మాత్రం ఆ వేలంత సన్నబడిన వల కన్ను కనిపించింది. ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఈ వార్త రేవుకి బస్సు కన్నా ముందు చేరింది. వెంటనే సంఘం కూర్చుంది. అత్త ఉండగానే అత్త బొటనవేలి కొలతకి ఒక కొయ్యమేకు చేయించాలి, ఇక మీదట అదే రూలు అని తీర్మానించింది. తీర్మానం మంచిదే. కానీ తొందర ఎవరికి? సన్న కన్ను వలలు కొత్తగా కొని మూలన పెట్టుకున్న మా పెద్ద ఇంజన్ల వాళ్ళకి. ఎన్నడూ లేని ప్రేమ పొంగుకొచ్చింది. ఆపిల్ పళ్ళు పట్టుకుని వరసగా దిగారు ఆసుపత్రిలో. మా బావే ముందు. వెనకాల పడవల వడ్రంగి మావయ్య. అచ్చు తీయడానికి పడవల సందుల్లో పెట్టే లప్పం టిఫిను డబ్బాలో పెట్టుకొచ్చాడు. నర్సమ్మ మూత తీసి చూసి, ఇది పేషెంటుకి పెట్టకూడదు, అరగదు అంది.

మంచం చుట్టూ నిలబడ్డాం. ఆ సన్నటి వేలు లప్పంలో దిగితే చాలు, అది శాశ్వతం. ఎవరినేమంటాం? తీర్మానం మనదే, వేలు ఆమెదే. నాకు ఆ గదిలో మందుల వాసన బదులు ఆ పాత రోజుల వాసన వచ్చింది. గచ్చు మీద నిలబడి పడవలు పాడుతున్నట్టే అనిపించింది. ఇంత గొంతున్న మనిషిని, అవసరానికి గొంతు లేదు.

అత్త ముఖానికి మాస్కు ఉంది, మాట్లాడలేదు. ఆపిల్ పళ్ళ వైపు చూసింది. మా బావ వైపు చూసింది. లప్పం డబ్బా వైపు చూసింది. నెమ్మదిగా రెండు చేతులూ దుప్పటి లోపలికి లాక్కుంది. అయ్యో, సిగ్గుపడుతోంది, వద్దంటోంది అనుకున్నాం. ఇంతలో మంచం ఆ చివర దుప్పటి కదిలింది. పాదం బయటికొచ్చింది. కాలి బొటనవేలు నిటారుగా లేపి మా వైపు చూపించింది.

ఎవరికీ ఒక్క క్షణం అర్థం కాలేదు. వడ్రంగి మావయ్యకి అర్థమైంది. ఆయన చేతికి ఇచ్చిన కొలత తప్ప ఇంకోటి ఎరగని మనిషి. మమ్మల్నందరినీ చూసి, "రూల్లో బొటనవేలు అని ఉంది. చెయ్యి అని లేదు, కాలు అని లేదు" అని లప్పం తీసి కాలి వేలికి అద్దేశాడు. అత్త మాస్కంతా ఆవిరి పట్టేసింది. అంత నవ్వింది. మేం ఎంత నవ్వామంటే నర్సమ్మ మమ్మల్ని గెంటేసింది. మా బావ కూడా నవ్వాడు. ఆపిల్ పళ్ళు మాత్రం వెనక్కి తీసుకెళ్ళలేదు లెండి, పెద్దమనిషి.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఆమె వెళ్ళిపోయింది. నిద్రలో వెళ్ళిపోయింది. ఆయాసం లేదు, బాధ లేదు. మా ఆవిడ పక్కనే ఉంది, తల్లి బొటనవేలు పట్టుకుని. అంత మంచి చావు నేను చూడలేదు.

కానీ అన్నలారా, ఆసుపత్రిలో నవ్వడం వేరు, సముద్రం మీదికి వెళ్ళేటప్పుడు ఆ నవ్వుకి కట్టుబడటం వేరు. కాలి వేలు అచ్చుతో మేకు తయారైంది. అది చేతి వేలు కన్నా లావు, వాచిన వేలు కన్నా కూడా లావు. గేటు పక్కనున్న ఆ స్తంభానికి వేలాడదీశాం. మళ్ళీ పడవలు దిగే రోజు వచ్చింది. స్టూలు ఖాళీ. గేటు దగ్గర అడిగేవాళ్ళు లేరు. నేను గచ్చు మీద నిలబడ్డాను. ఒక్క వల ఆ స్తంభం దాటి వెళ్ళిపోతే చాలు, వెనకాల అన్నీ వెళ్ళిపోతాయి. ఆ ఒక్కటీ ఎవరిది అవుతుందా అని చూస్తున్నాను.

మొదట వచ్చింది మా పెద్ద ఇంజను బావ. మూలన పెట్టుకున్న కొత్త వల మనుషుల భుజాల మీద ఉంది. స్తంభం దగ్గర ఆగాడు. ఎవరూ అడగకుండానే మేకు తీసుకుని వల కన్నులో పెట్టాడు. దూరలేదు. ఇంకో కన్నులో పెట్టాడు, అదేదో కాస్త దయ తలుస్తుందేమో అన్నట్టు. దూరలేదు. అక్కడే నిలబడిపోయాడు. వెనకాల క్యూ కట్టిన వాళ్ళందరూ చూస్తున్నారు. చివరికి మేకు మళ్ళీ స్తంభానికి తగిలించాడు. "ఇన్నాళ్ళూ మన వలల్లో వేలు పెట్టింది. పోతూ పోతూ కాలు కూడా పెట్టింది ముసల్ది" అన్నాడు. వల ఇంటికి పంపించేశాడు. నా పక్కనుంచి వెళ్తూ ఆగి, నాకు మాత్రమే వినిపించేలా, "నీ నోట మళ్ళీ పడవ పాట వినలేను బావా" అన్నాడు.

బావా, అందరి ముందూ చెప్పేశాను, కోపగించుకోకు. నీ మాట ఇక్కడ అందరికీ తెలియాలి.

ఆ తర్వాత ఒక్కొక్కరూ వచ్చారు. ఒక్కొక్కరూ మేకు పట్టుకున్నారు. దూరిన వల వెళ్ళింది, దూరని వల ఇంటికి తిరిగింది. ఆ రోజు పడవలు తక్కువే దిగాయి. నేను పాట మాత్రం గొంతు చిరిగేలా పాడాను. చేపల పాట. అమ్మయ్య అనుకున్నాను. ఇదీ నా ఊరట. ఇప్పుడు చెప్పండి, మా అత్త పోయాక నాకు ఊరటగా ఉందంటే తప్పా?

ఇంకొక్క పని ఉంది. ఈ మేకు ఇవాళ నా జేబులో తెచ్చాను. ఇదిగో. ఇది ఎవరి దగ్గర ఉండాలి? మా ఇంట్లో ఉండకూడదు. నలుగురి అన్నం ఒక ఇంటి బీరువాలో ఉండకూడదు. తట్టల అక్కలారా, ఆ రోజు నిలబడింది మీరు కాబట్టి ఇది మీ దగ్గరే ఉండాలి. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. అననివ్వండి. సామెత నా కోసమే పుట్టినట్టుంది. ఆఫీసరు గారు దీన్ని తన స్కేలుతో కొలిచి అంకె రాసుకున్నారు. అదీ ఉండనివ్వండి. ఈసారి ఆయన బోర్డు మీద వలలు ఆరేయొద్దు.

మేకు లావు కాబట్టి కొందరి వలలు మార్చాలి. ఒంటి పడవల వాళ్ళకి ఆ శక్తి లేదు. ఇచ్చి తీసుకోవాలని ఆమె చెప్పింది. మా ఆవిడ నిన్ననే దారం తీసింది. వల అల్లడం వచ్చిన వాళ్ళందరూ రేపటి నుంచి సాయంత్రాలు ఈ షెడ్డుకి రండి. రాని వాళ్ళు కూడా రండి, నేర్పుతారు. నాకూ నేర్పుతున్నారు, నా ముళ్ళు చూస్తే చేపలు కూడా నవ్వుతాయి.

ఈ ఫొటో చూడండి. ఆమెది ఇదొక్కటే దొరికింది. ఎవరిదో గ్రూపు ఫొటోలోంచి కత్తిరించాం. ముఖం వచ్చింది, వేలు రాలేదు. పర్లేదు, వేలు అక్కల చేతిలో ఉంది.

ఇక సెలవు తీసుకుంటాను. బతుకంతా ఈ గచ్చు మీద మీ చెవులు చిల్లులు పడేలా అరిచాను. ఇవాళ ఒక్కసారి మిమ్మల్ని నిశ్శబ్దంగా ఉండమని అడుగుతున్నాను. వేలంలో మూడోసారి అన్నామంటే ఆ వస్తువు మన చెయ్యి దాటిపోయిందని అర్థం. మా అత్తని నేను మూడోసారి అనలేను. మూడోసారి అనాల్సిన చోట అందరం మౌనంగా నిలబడదాం. కూర్చున్న వాళ్ళు లేవండి. లేవలేని పెద్దవాళ్ళు ఉన్నచోటే ఉండండి. తట్టలు కింద పెట్టండి. వెనకాల ఇంజను ఆపండయ్యా.

ఒకటోసారి.

రెండోసారి.